ప్లగ్గు తీగ చిందించిన నిప్పు

1888 ఆగస్టులో ఒక రోజు తెల్లవారుజామునే బెర్తా బెంజ్ ఇద్దరు కొడుకుల్ని వెంటబెట్టుకుని పుట్టింటికి బయలుదేరింది. ఎక్కింది భర్త కార్ల్ బెంజ్ తయారుచేసిన మూడు చక్రాల మోటారు బండి. భర్తకు మాట మాత్రంగానైనా చెప్పలేదు. జర్మనీలో మన్‌హైమ్ నుంచి ఫోర్త్స్‌హైమ్ దాకా నూరు కిలోమీటర్ల పైచిలుకు దారి. మోటారు బండి మీద అంత దూరం అంతకుముందు ఎవరూ వెళ్లలేదు. దారిలో ఇంధనం నిండుకుంటే వీస్లోహ్ అనే ఊళ్లో మందుల షాపులో కొన్నారు. ఇంధనం గొట్టంలో నలక అడ్డుపడితే టోపీకి గుచ్చుకునే పిన్నుతో పొడిచి తీసింది. ఇంకోచోట ఇగ్నిషన్ తీగ మీది తొడుగు ఒరుసుకుపోయింది. మేజోడు జారకుండా కట్టుకునే సాగే పట్టీని విప్పి ఆ తీగకు చుట్టిందని ఆ ప్రయాణాన్ని చెప్పేవాళ్లంతా చెబుతారు.

మోటారు చరిత్ర సంగతి అలా ఉంచితే, ప్లగ్గు తీగ చరిత్రకు మాత్రం ఆ పట్టీయే మొదటి పేజీ. లోపలి రాగితో ఎవరికీ ఎప్పుడూ పెద్ద పేచీ రాలేదు. పేచీ అంతా తీగలోంచి బయటికి చిందేదానితోనే. పాత కారు బాగుచేసుకునే మనిషి ఈరోజు విజయవాడ ఆటోనగర్‌లోనో సికింద్రాబాద్ రాణీగంజ్‌లోనో నిలబడి ఏ వైరు వెయ్యాలని అడిగితే, వచ్చే జవాబులో ముప్పాతిక భాగం ఆ చిందిన నిప్పు కథే.

ఇంటి గోడలోంచి పోయే కరెంటు వైరును కోసి చూస్తే రాగి లావుగా, పైతోలు పలచగా కనిపిస్తుంది. ప్లగ్గు వైరు దీనికి సరిగ్గా తలకిందులు. ఏడు మిల్లీమీటర్ల లావు తీగలో కరెంటు నడిచే దారి మధ్యలో సన్నటి పోగు మాత్రమే, మిగతాదంతా తొడుగే. ఇంటి కరెంటు 230 వోల్టులు. పాత కారు ప్లగ్గుకు పది వేల నుంచి పాతిక వేల వోల్టులు కావాలి. సిలిండర్‌లో నొక్కుకుపోయిన గాలిని చీల్చుకుని స్పార్కు దూకాలంటే అంత ఒత్తిడి తప్పదు. కానీ పారే కరెంటు పదుల మిల్లీ ఆంపియర్లకు మించదు. అంటే నీళ్లు చెంబెడే, తోసే బలం మాత్రం ఆనకట్ట తెగినంత. గొట్టంలో ఎక్కడ సూదిమొన సందు దొరికినా అక్కడే చిమ్ముతుంది.

మొదట్లో ఇంత ఒత్తిడి అక్కర్లేకుండా గడిపేద్దామని చూసినవాళ్లు తక్కువేం కాదు. గాట్లీబ్ డైమ్లర్ అసలు విద్యుత్తు జోలికే పోకుండా, ఎర్రగా కాల్చిన గొట్టంతో ఇంధనాన్ని అంటించాడు. స్టుట్‌గార్ట్‌లో వర్క్‌షాపు పెట్టుకున్న రాబర్ట్ బాష్ తొలినాళ్లలో, అయస్కాంతంతో కరెంటు పుట్టించే తక్కువ వోల్టేజీ మాగ్నెటోలు చేశాడు. వాటిలో సిలిండర్ లోపలే రెండు ముక్కలు తాకి విడిపోతూ నిప్పురవ్వ రాల్చేవి. 1902లో బాష్ దగ్గర పనిచేసే గాట్లోబ్ హోనోల్డ్ హై వోల్టేజీ మాగ్నెటోను, దానికి తోడుగా స్పార్క్ ప్లగ్గును పట్టాలెక్కించాడు. కదిలే ముక్కలు సిలిండర్ లోంచి బయటికొచ్చాయి. వాటి బదులు వేల వోల్టులు మోసే తీగ ఇంజన్ మీద పాకడం మొదలెట్టింది.

కొన్నేళ్లకే అమెరికాలో చార్లెస్ కెటరింగ్ తన డెల్కో కంపెనీ ద్వారా క్యాడిలాక్ కార్లకు బ్యాటరీ, కాయిల్, పాయింట్లతో నడిచే ఇగ్నిషన్ ఇచ్చాడు. పాయింట్లు విడిపోయిన క్షణంలో కాయిల్‌లో పుట్టే వోల్టేజీని డిస్ట్రిబ్యూటర్ వంతులవారీగా ఒక్కో ప్లగ్గుకు పంచుతుంది. ఫ్రాన్స్‌లో మెకానిక్కులు నేటికీ డిస్ట్రిబ్యూటర్‌ను డెల్కో అనే పిలుస్తారు. నాలుగు సిలిండర్ల కారుకు ప్లగ్గుల తీగలు నాలుగు, కాయిల్ నుంచి డిస్ట్రిబ్యూటర్ కప్పులోకి దిగేది ఒకటి. వీ ఎయిట్‌కు తొమ్మిది. తర్వాతి అరవై ఏళ్లు లోకమంతా ఈ ఏర్పాటుతోనే తిరిగింది.

ఏ పద్ధతి నమ్మకమైనదో తేలని రోజుల్లో రోల్స్ రాయిస్ వాళ్లు రెంటినీ నమ్మారు. సిల్వర్ ఘోస్ట్ ఇంజన్‌లో సిలిండర్లు ఆరే అయినా ప్లగ్గులు పన్నెండు. ఒక వరుసకు మాగ్నెటో, ఇంకో వరుసకు బ్యాటరీతో నడిచే ట్రెంబ్లర్ కాయిల్. ఒకటి మొండికేస్తే రెండోది ఇంటికి చేరుస్తుంది. ఇంజన్ వేడిగా ఉంటే హ్యాండిల్ తిప్పకుండానే, స్విచ్ వేయగానే లేచిన సందర్భాలూ ఉన్నాయి. ఆ బండి హైదరాబాద్‌లోనే ఒకటుంది. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ ఆర్డరిచ్చిన కారు ఆయన 1911లో కన్నుమూశాక ఏడో నిజాం చేతికొచ్చింది. సింహాసనంలాంటి సీటుతో, పసుపు రంగుతో ఇప్పుడు చౌమహల్లా ప్యాలెస్‌లో ఉంది. చూడ్డానికి వచ్చేవాళ్ల కళ్లన్నీ ఆ సీటు మీదే ఉంటాయి. బానెట్ కింది పన్నెండు తీగల్ని ఎవరూ అడగరు.

తీగలే వద్దనుకున్న మహానుభావుడు కూడా ఒకడున్నాడు. హెన్రీ ఫోర్డ్ 1927 చివర్లో విడుదల చేసిన మోడల్ ఏ కారులో డిస్ట్రిబ్యూటర్ నుంచి ప్లగ్గుల దాకా పోయేది వైరు కాదు, తొడుగూ గిడుగూ లేని రేకు పట్టీలు. డిస్ట్రిబ్యూటర్ ఇంజన్ నడినెత్తిన కూర్చుంటుంది కాబట్టి ప్లగ్గులు జానెడు దూరంలోనే ఉంటాయి. చుట్టూ గాలి తప్ప ఏమీ లేనప్పుడు గాలే తొడుగు. పీనాసితనమనిపించినా తెలివైన పని. ఇంజన్ నడుస్తుండగా అటువైపు చెయ్యి పెట్టినవాడికి మాత్రం ఆ తెలివి వేరేలా అర్థమవుతుంది.

మిగతా ప్రపంచానికి దిక్కు రబ్బరే. వార్నిషు పట్టించిన నూలు అల్లిక పైన, సహజ రబ్బరు లోపల. చూడ్డానికి ముచ్చటగా ఉండేవి ఆ తీగలు. నూనె తగిలితే రబ్బరు ఉబ్బేది, వేడికి పెళుసెక్కేది. అవి కంటికి కనబడే జబ్బులు. అసలు శత్రువు మాత్రం తీగ తనకు తాను కని పెంచుకున్నదే. వేల వోల్టులు పారేటప్పుడు తొడుగు చుట్టూ ఉన్న గాలి చితికి, నీలిరంగు మసక వెలుగు పుడుతుంది. దాన్ని కొరోనా అంటారు. ఆ వెలుగులో గాలిలోని ఆక్సిజన్ ఓజోన్‌గా మారుతుంది. ఓజోన్ తగిలిన సహజ రబ్బరు, ముఖ్యంగా వంపు తిరిగి బిగుసుకున్న చోట, అడ్డంగా చిట్లుతుంది. అంటే తీగ తన ఊపిరితో తనకే విషం పెట్టుకునేది.

వెనకటి మెకానిక్కులకు ఈ రసాయనం పేరు తెలియనక్కర్లేకపోయింది. బండి మిస్ కొడుతోందని ఎవరైనా తెస్తే, చీకటిపడే దాకా ఆగి బానెట్ ఎత్తి, లైట్లార్పి, ఇంజన్ ఆన్ చేసి చూసేవారు. తీగల మీద నీళ్లు చిలకరిస్తే ఇంకా బాగా బయటపడుతుంది. నీలంగా ఎక్కడ మిణుకుమంటే అక్కడే రోగం. ఇంత చవకైన పరీక్ష ఇంకోటి రాలేదు.

1931లో అమెరికాలో డ్యూపాంట్ కంపెనీ నియోప్రీన్ అనే కృత్రిమ రబ్బరును ప్రకటించింది. నూనెకూ ఓజోన్‌కూ తట్టుకునే ఆ పైతోలుతో తీగ ఆయుష్షు పెరిగింది. అదే కంపెనీ తర్వాత తెచ్చిన హైపలాన్ ఇంకో మెట్టు పైన. 1940ల్లో పుట్టిన సిలికోన్ రబ్బరు కార్ల దాకా దిగిరావడానికి చాలా ఏళ్లు పట్టింది. అది సైలెన్సర్ వైపు సెగకు కూడా చలించదు. కాకపోతే గోరు గుచ్చుకుంటే చిరిగేంత మెత్తన, కాబట్టి లోపల నూలో గాజుపోగో వేసి బలం ఇవ్వాల్సొచ్చింది.

వానను మాత్రం ఏ రబ్బరూ పూర్తిగా గెలవలేదు. 1959లో వచ్చిన బ్రిటిష్ మినీ కారులో అలెక్ ఇసిగోనిస్ ఇంజన్‌ను అడ్డంగా పెట్టాడు. నమూనా బండ్లలో ఉన్న దిశకు ఎదురుగా ఇంజన్ని తిప్పి పెట్టడంతో డిస్ట్రిబ్యూటరూ తీగలూ ముందు జాలీ వెనకే వచ్చి కూర్చున్నాయి. రేడియేటర్ పక్కకు పోయింది కాబట్టి మధ్యలో అడ్డేమీ లేదు. వానలో ఎదురొచ్చే లారీ చిమ్మిన నీళ్లు సరాసరి ప్లగ్గు తీగలకే అభిషేకం. అడ్డంగా ఒక రేకో ప్లాస్టిక్ తెరో పెట్టుకోవడం మినీ యజమానులకు అలవాటైపోయింది.

ఇంతవరకు చిందినదాని వల్ల నష్టం బండివాడికే. ఊరంతటికీ తగువు తెచ్చిపెట్టింది రేడియో.

హైన్‌రిచ్ హెర్ట్జ్ రేడియో తరంగాలను మొదట పుట్టించింది నిప్పురవ్వతోనే. ఆ లెక్కన ప్రతి పెట్రోలు కారూ తిరుగాడే రేడియో స్టేషనే, ప్లగ్గు తీగలే దాని ఏరియల్లు. కాకపోతే గరగర తప్ప వేరే కార్యక్రమం ఉండదు. 1930లో పాల్ గాల్విన్ తన కారులో రేడియో బిగించుకుని అట్లాంటిక్ సిటీలో రేడియో తయారీదారుల సమావేశానికి తీసుకెళ్లి వినిపించాడు. మోటరోలా పేరు పుట్టింది ఆ సరుకుతోనే. పాట వినబడాలంటే ముందు ఇంజన్ నోరు మూయించాలి. అందుకని ప్లగ్గుల దగ్గర, డిస్ట్రిబ్యూటర్ దగ్గర వేల ఓమ్‌ల రెసిస్టర్లు తగిలించే పద్ధతి వచ్చింది. యుద్ధం వచ్చేసరికి ఇది సరదా కాకుండా పోయింది. అమెరికా సైన్యం జీపుల బానెట్ మీద నంబరు చివర ఎస్ అనే అక్షరం ఉంటే, ఆ బండి ఇగ్నిషన్ గరగర అణచినదని, పక్కన వైర్‌లెస్ సెట్టు పెట్టుకున్నా ఫర్వాలేదని గుర్తు.

తర్వాత టీవీ. బ్రిటన్‌లో 405 గీతల టీవీ పద్ధతిలో సంకేతం ఎంత బలంగా వస్తే తెర అంత తెల్లబడుతుంది. వీధిలో కారు పోతుంటే ప్రతి స్పార్కూ ఇంట్లో తెర మీద ఒక తెల్ల చుక్క. బొమ్మ మీద మరమరాలు చల్లినట్టుండేది. కారున్నవాడి తీగ వల్ల టీవీ ఉన్నవాడికి ఇబ్బంది కాబట్టి ప్రభుత్వం మధ్యలోకి రాక తప్పలేదు. 1952లో ఇగ్నిషన్ వల్ల కలిగే అంతరాయాన్ని అదుపుచేస్తూ అక్కడ నిబంధనలే వచ్చాయి. కారు కొన్నవాడికి ఒరిగేదేమీ లేదు. ఎవరో పక్కింటివాళ్లు నాటకం చూసుకోవడం కోసం కారు లోపలి భాగాన్ని మార్చిన చట్టాలు చరిత్రలో ఎక్కువ ఉండవు.

రెసిస్టర్ ముక్కల్ని విడిగా తగిలించే బదులు తీగ పొడవునా నిరోధం నింపేస్తే ఎలా ఉంటుంది? 1950ల్లో అమెరికాలో ప్యాకార్డ్ ఎలక్ట్రిక్ కంపెనీ చేసింది అదే. రాగి తీసేసి, కర్బనం పట్టించిన నూలు లేదా గాజుపోగుల తాడు పెట్టారు. అడుగు పొడవుకు మూడు వేల నుంచి ఏడు వేల ఓమ్‌లు. నిరోధం పెరిగితే స్పార్కు చచ్చుబడదా అని పాతకాలపు మెకానిక్కులకు గట్టి అనుమానం. లెక్క వేరేలా ఉంటుంది. స్పార్కు దూకే ముందు తీగలో కరెంటు దాదాపు ఉండదు, కాబట్టి వోల్టేజీ తగ్గకుండా ప్లగ్గు కొస దాకా చేరుతుంది. దూకాక పారే పదుల మిల్లీ ఆంపియర్లకు పోయేది స్వల్పం. మెకానిక్కుల అసలు కోపానికి వేరే కారణం ఉంది, అందులో న్యాయమూ ఉంది. ప్లగ్గు ఊడదీసేటప్పుడు రబ్బరు టోపీ పట్టుకోకుండా తీగ పట్టుకుని లాగితే లోపలి కర్బనం తాడు తెగిపోయేది. పైకి తీగ నిక్షేపంలా ఉంటుంది, బండి మాత్రం మిస్ కొడుతూనే ఉంటుంది. రాగి అలా ఎప్పుడూ మోసం చేయలేదు.

ఈ ప్యాకార్డ్ పేరు వెనక ఒక తమాషా ఉంది. జేమ్స్ వార్డ్ ప్యాకార్డ్, విలియం డౌడ్ ప్యాకార్డ్ అన్నదమ్ములు 1890లో ఒహాయో రాష్ట్రంలోని వారెన్ ఊళ్లో విద్యుత్ సామాన్ల కంపెనీ పెట్టారు. మోజుపడి వింటన్ కంపెనీ కారు కొన్న జేమ్స్ అది మాటిమాటికీ ఆగిపోతుంటే వెళ్లి లోపాలు ఏకరువు పెట్టాడని, అంత తెలిసినవాడివి నువ్వే చేసుకోరాదా అన్నట్టు వింటన్ జవాబిచ్చాడని కథ. 1899లో జేమ్స్ నిజంగానే చేసి చూపించాడు. కార్ల కంపెనీ డెట్రాయిట్‌కు తరలిపోయి గొప్పవాళ్ల బండిగా పేరు తెచ్చుకుంది. వారెన్‌లో మిగిలిన ఎలక్ట్రిక్ కంపెనీ తీగలు చేసుకుంటూ 1932లో జనరల్ మోటార్స్ చేతికి పోయింది. ప్యాకార్డ్ కారు 1958తో ఆగిపోయింది. అది చచ్చాక ఏళ్ల తరబడి, ఒకప్పుడు దానికి పోటీదారైన జనరల్ మోటార్స్ వారి షెవర్లే, పాంటియాక్ ఇంజన్ల మీద ప్లగ్గు తీగల పొడవునా ప్యాకార్డ్ అనే పేరే అచ్చై కనబడుతూ వచ్చింది.

షెవర్లేలోనే కార్వెట్‌ది ఇంకో ఇబ్బంది. మామూలు కార్ల ఇనప బానెట్ గరగరను చాలావరకు లోపలే పట్టి ఉంచుతుంది. 1953లో వచ్చిన కార్వెట్ ఒళ్లంతా ఫైబర్ గ్లాసు. రేడియో తరంగాలకు అది గాజు కిటికీతో సమానం. రేడియో ఉన్న కార్వెట్‌లకు డిస్ట్రిబ్యూటర్ మీద, తీగల మీద మెరిసే లోహపు కవచాలు తొడగాల్సొచ్చింది. ఈ రోజు ఆ కవచం లేని పాత కార్వెట్ ఎదురైతే, అది మొదట్లో రేడియో లేకుండా వచ్చిందా, లేక మధ్యలో ఏ మెకానిక్కో విసుగెత్తి పీకి పారేశాడా అన్నది తెలిసినవాళ్లు వాదించుకునే విషయం.

ఇటు మన రోడ్ల మీదికొస్తే అంబాసిడర్. దానికి చాలాకాలం గుండెకాయగా ఉన్న 1489 సీసీ ఇంజన్, బ్రిటన్‌లో ఎంజీఏ అనే స్పోర్ట్స్ కారును నడిపిన ఇంజన్ ఒకే కుటుంబం. ఆ తరం బ్రిటిష్ బండ్లలో చాలావాటికి లూకాస్ కంపెనీ డిస్ట్రిబ్యూటర్లే. వాటిలో ఒక రకం కప్పుకు తీగలు పక్కనుంచి దూరతాయి. కప్పు లోపలివైపు మొన ఉన్న స్క్రూలుంటాయి. తీగను చివరిదాకా తోసి స్క్రూ బిగిస్తే, మొన తొడుగును పొడుచుకుంటూ వెళ్లి రాగి పోగుల్లో దిగుతుంది. వేరే టెర్మినల్ ఏదీ ఉండదు. పొదుపైన, గట్టి అమరిక. కానీ రాగి బదులు కర్బనం తాడు ఉన్న తీగను ఇందులో పెడితే, స్క్రూ ఆ తాడును పట్టుకోదు సరికదా చిదిమేస్తుంది. ఖరీదైన కొత్త వైర్లు వేయించాను, బండి పాతదానికన్నా అధ్వానంగా నడుస్తోందని వాపోయేవాళ్ల కప్పు విప్పి చూస్తే, చాలాసార్లు కారణం ఈ స్క్రూయే. ఇలాంటి కప్పుకు రాగి తీగే వేసి, గరగర అణచే పని ప్లగ్గు టోపీల్లోని రెసిస్టర్లకు వదిలేయాలి.

తీగ ఏదన్నది ఒక ఎత్తు, ఏ దారిన పోతుందన్నది ఇంకో ఎత్తు. షెవర్లే చిన్న వీ ఎయిట్‌లో సిలిండర్లు పేలే వరుస 1-8-4-3-6-5-7-2. ఐదూ ఏడూ పక్కపక్క సిలిండర్లు, పైగా ఒకదాని వెంట ఒకటి పేలతాయి. ఆ రెండు తీగల్నీ అందంగా జతగా కట్టేస్తే, ఐదో తీగలో పారే నిప్పు ఏడో తీగలో చిన్న స్పార్కును రేపి, ఏడో సిలిండర్‌ను వేళకాని వేళ పేల్చగలదు. ఫోర్డ్ వీ ఎయిట్ పాత వరుసలో ఈ దుర్యోగం ఏడూ ఎనిమిదిది. అందుకే ఫ్యాక్టరీ పుస్తకాల్లో ఏ తీగ ఏ క్లిప్పులోంచి పోవాలో బొమ్మ గీసి మరీ చెప్పేవారు. పాత కార్ల ప్రదర్శన పోటీల కోసం తీగల్ని దువ్విన జడలా అమర్చేవాళ్లు ఆ బొమ్మను ఒకసారి చూడటం మంచిది.

1975 మోడళ్ల నుంచి జనరల్ మోటార్స్ కార్లకు పాయింట్లు పోయి ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ వచ్చింది. వోల్టేజీ ఇంకా పెరిగింది కాబట్టి తీగ ఏడు నుంచి ఎనిమిది మిల్లీమీటర్లకు లావెక్కి, సిలికోన్ తొడుక్కుంది. లావైతే బలమనే భ్రమ అక్కడే మొదలైంది. ఎనిమిదిన్నర, పది మిల్లీమీటర్ల ఎర్ర తీగలు, పసుపు తీగలు అమ్మకానికొచ్చాయి. పాయింట్లతో నడిచే 1960ల కాయిల్ ఇచ్చే వోల్టేజీకి ఏడు మిల్లీమీటర్లే ఎక్కువ. దాని మీద పది మిల్లీమీటర్ల ఎర్ర తీగలు వేస్తే, పంచె కట్టిన పెద్దాయనకు స్పోర్ట్స్ బూట్లు తొడిగినట్టుంటుంది.

ఇంకో చిక్కు కూడా ఉంది. పైకి పాత రూపం చెడకుండా, డిస్ట్రిబ్యూటర్ కప్పు కింద పాయింట్ల స్థానంలో చిన్న ఎలక్ట్రానిక్ మాడ్యూల్ దాచుకునేవాళ్లు ఈమధ్య ఎక్కువయ్యారు. అప్పుడు వట్టి రాగి తీగ పనికిరాదు. ఒకప్పుడు పక్కింటి టీవీని పీడించిన గరగర ఇప్పుడు సొంత బండిలోని మాడ్యూల్‌నే తికమక పెడుతుంది. దీనికి మందు చుట్టల తీగ. గట్టి పోగు మీద సన్నని లోహపు తీగను స్ప్రింగులా చుట్టి చేస్తారు. నిరోధం అడుగుకు వందల ఓమ్‌లే. గరగరను ఆ చుట్లే పట్టేస్తాయి, కర్బనంలా తెగిపోయే బెడదా తక్కువ. నూలు అల్లిక తొడుగు కింద ఇలాంటి తీగను దాచేవాళ్లూ ఉన్నారు. బయట 1930, లోపల నిన్నటి సరుకు.

పోటీలకు కార్లను నిలబెట్టేవాళ్లు ఇలాంటి రాజీకి ఒప్పుకోరు. ఆనాటి ప్యాకార్డ్ తీగల మీద టీవీ, రేడియో గరగర అణచేదన్న ముద్రతోపాటు తయారైన కాలం కూడా ఉండేది. 3-క్యూ-66 అంటే 1966లో మూడో త్రైమాసికం. ఆ ఏడాది నవంబరులో ఫ్యాక్టరీ దాటిన కారు మీద 1-క్యూ-67 తీగ కనబడితే, టార్చిలైటు వేసి వంగి చూసే జడ్జి మార్కులు కోస్తాడు, పుట్టకముందే కారుకు ఆ తీగ ఎలా వచ్చిందని. అసలు తీగలు ఎప్పుడో చిట్లిపోయాయి కాబట్టి, కారు పుట్టిన తేదీ చెప్పి దానికి తగ్గ తీగల్ని కొనుక్కునే వ్యాపారం ఒకటి అమెరికాలో నడుస్తోంది. కర్బనం తాడు కొత్తది, తొడుగు కొత్తది. దాని మీద అచ్చేసేది మాత్రం 1966 మూడో త్రైమాసికమే.